తీగకు గుచ్చని చీటీ

కాగితాల కుప్ప కనబడితే నా చేతులు ఊరుకోవు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, మా అమ్మ కొట్టులో అంటుకున్న జబ్బు.

కృష్ణా డెల్టాలో కాలువ మీద లాకులున్న చోట మా అమ్మ కిరాణా కొట్టు నడిపేది. లాకులు తీసి మూసే మనుషులు, కాలువ ఆఫీసు వాళ్ళు, ఇసుక పడవల వాళ్ళు ఎవరూ స్వయంగా వచ్చేవారు కాదు. చీటీ పంపేవారు. "చీటీ తెచ్చిన మనిషికి కిలో కందిపప్పు, అర కిలో చక్కెర ఇవ్వగలరు" అని ఉండేది. అమ్మ సరుకు కట్టించి, చీటీని బల్ల మీద నిలబెట్టిన ఇనప తీగకు కసుక్కున గుచ్చేది. సాయంత్రం వాటిని చూసి చిట్టాలో రాసుకునేది. చిట్టా అంటే ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు రాసే పుస్తకం. శనివారం మధ్యాహ్నం ఆ చీటీలన్నీ తీగలోంచి లాగి, ఏ ఇంటివి ఆ ఇంటికి కుప్పలు పెట్టడం నా పని. తొమ్మిదేళ్ళకే కళ్ళు మూసుకుని చేసేదాన్ని. అంత గొప్పగా వచ్చిన విద్య అమెరికాలో నా కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు?

రెండు వేల మూడులో ఎమ్మెస్ చదవడానికి న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఒక యూనివర్సిటీలో చేరాను. కంప్యూటర్ సైన్స్. మొదటి సెమిస్టర్ ఫీజు ఎలాగో కట్టాం. రెండోది కట్టే దారి లేదు. ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు మాఫీ అవుతుంది, లేకపోతే తిరుగు టికెట్టే. ముప్ఫై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెడితే ఒక్కరూ జవాబివ్వలేదు. చివరికి లైబ్రరీ అడుగు అంతస్తులో, పాత కాగితాలు భద్రపరిచే విభాగంలో దొరికింది. వారానికి ఇరవై గంటలు. డిసెంబర్‌లో మా సూపర్‌వైజర్ నా పని బాగుందని సంతకం పెడితే జనవరి నుంచి ఫీజు మాఫీ. ఆ ఒక్క సంతకం మీద నా చదువు, నా వీసా రెండూ ఆధారపడి ఉన్నాయి.

మా సూపర్‌వైజర్ అరవై దాటిన అమెరికన్ ఆవిడ. తెల్లజుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. గొంతు పెంచడం తెలియదు. మొదటి రోజు నేను వేలు నాలుకకు తగిలించి పుస్తకం పేజీ తిప్పబోతే, నా మణికట్టు మెల్లగా పట్టుకుని కిందికి దించింది. నాకు చెవులు వేడెక్కాయి.

ఆవిడ నాకిచ్చిన పని, పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్ళో కాలువ గట్టున కొట్టు నడిపిన ఒక వర్తకుడి కాగితాలు. పన్నెండు పెట్టెలు. చిట్టాలు, ఖాతా పుస్తకాలు, ఉత్తరాలు. కాలువలో పడవలు నడిచిన రోజుల్లో ఆయన పడవల వాళ్ళకు, లాకుల కాపలాదార్లకు సమస్తం అమ్మాడు. పిండి, ఉప్పేసిన పంది మాంసం, బెల్లంపాకం, దీపాల నూనె, తాళ్ళు, పడవలు లాగే కంచరగాడిదలకు ఓట్స్ దాణా. ఇప్పుడా కాలువ లేదు. ఊరి మధ్యలో దాన్ని పూడ్చి రోడ్డు వేశారు. నేను రోజూ బస్సులో వెళ్ళేది ఆ కాలువ మీంచేనని నాకు అక్టోబర్ దాకా తెలియదు.

ఆరో పెట్టె తెరిస్తే అందులో ఒక తుప్పు పట్టిన తీగ, దానికి గుచ్చిన వందల చీటీలు. పై చీటీ చదివాను. "ఇది తెచ్చిన కుర్రవాడికి రెండు పౌండ్ల చక్కెర ఇవ్వగలరు." నేను పైకే నవ్వేశాను. ఆవిడ పెన్సిల్ ఆపి ఎందుకని అడిగింది. మా అమ్మ కొట్టు గురించి చెప్పాను. మొదటిసారి ఆవిడ నావైపు మనిషిని చూసినట్టు చూసింది. "అయితే ఈ పెట్టె నీదే" అంది.

ఆ మర్నాడు ఆవిడ రెండు రోజుల మీటింగుకు వేరే ఊరు వెళ్ళింది. వెళుతూ, "తుప్పు కాగితాన్ని తినేస్తోంది. తీగ తీసేసి చీటీలు ఫోల్డర్లలో పెట్టు" అని చెప్పింది. ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆవిడకు తోచి ఉండదు. ఆ పని నేర్చుకున్న ఎవరికైనా తెలిసే విషయం అది.

నాకు తెలియదు. నేను కట్టను ఒడిసి పట్టుకుని తీగలోంచి లాగాను. లాగుతుంటే ఒక చీటీ జారి కింద పడింది. తీసి బల్ల మీద పెట్టాను. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం పని మొదలైంది. ఏ మనిషి చీటీలు ఆ మనిషి కుప్పలో. కొన్నిటి మీద సంతకం లేదు, వాటికో కుప్ప. రెండు రోజుల్లో నాలుగు వందల ముప్ఫై ఒక్క చీటీలు, అరవైకి పైగా కుప్పలు, ప్రతి ఫోల్డర్ మీదా అందమైన దస్తూరీలో పేరు. భోజనం కూడా సరిగా తినలేదు. ఆవిడ వచ్చి చూసి ఎంత మురిసిపోతుందో అనుకున్నాను.

ఆవిడ వచ్చి, ఫోల్డర్లు చూసి, కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత, "వీటి వరస రాసి పెట్టుకున్నావా?" అని అడిగింది.

"ఏ వరస?"

"తీగ మీద ఉన్న వరస."

లేదని తల ఊపాను. అప్పుడు చెప్పింది. ఆ చీటీల మీద తేదీలు లేవు. ఏది ముందు, ఏది వెనక అన్నది తీగ ఒక్కటే చెప్పగలదు. ఆ కొట్టువాడు ఏ వరసలో ఉంచాడో ఆ వరసను కాపాడటమే ఈ ఉద్యోగం. "నూట యాభై ఏళ్ళు నిలిచింది" అంది. మిగతాది అనలేదు. అనకపోయినా నాకు వినబడింది. తిట్టినా బాగుండేది.

"నేను తిరిగి పెడతాను" అన్నాను.

"ఎలా?"

"తెలీదు. కానీ పెడతాను."

ఆవిడ పెన్సిల్ తీసి, మళ్ళీ ముడిలో గుచ్చుకుంది. "డిసెంబర్‌లో నీ గురించి రాయాలి. జరిగింది జరిగినట్టే రాస్తాను. అప్పటికి ఏం జరిగి ఉంటుందో నీ చేతుల్లో ఉంది" అంది.

ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో మా రూమ్మేట్‌కు చెప్పాను. వరంగల్ పిల్ల, నా క్లాసే, డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పని. వినీ వినీ, "గా పాత చీటీలకు గింత పంచాయితీనా? రాండమ్‌గ సార్ట్ చేసెయ్. ఎవడు చెక్ చేస్తడు?" అంది.

"ఆవిడ చేస్తుంది."

"చేసినా ఎట్ల తెలుస్తదే? సచ్చినోడొచ్చి చెప్తడా?"

మాట నిజమే. ఎవరికీ తెలియదు. కానీ నాకు ఒళ్ళు మండుతోంది, ఆవిడ మీద కాదు, నా మీద. కొట్టులో పుట్టి పెరిగిన దాన్ని, ఇంకో కొట్టువాడి కట్ట పాడు చేశాను. అది సరి చెయ్యకుండా ఈ దేశం వదిలేది లేదని పట్టు పట్టాను. ఫీజు భయం ఉంది, లేదనను. పొద్దున్న లేవగానే అదే ఆలోచన. కానీ బల్ల ముందు కూర్చున్నాక ఫీజు గుర్తొచ్చేది కాదు.

దారి ఒకటే తోచింది. మా అమ్మలాగే ఆయన కూడా ఏ రోజు చీటీలు ఆ రోజు చిట్టాలో ఎక్కించి ఉంటాడు. చిట్టాలో తేదీలున్నాయి. ఒక్కో చీటీకి చిట్టాలో పద్దు వెతికి పట్టుకుంటే వరస దొరుకుతుంది. చిట్టా నాలుగేళ్ళది, ఈ చీటీలు అందులో ఏ కొన్ని నెలలవో తెలియదు. ఆయన దస్తూరీ ఎండిన చింతకాయల్లా వంకర్లు తిరిగి ఉంటుంది. మొదటి వారం రోజుకు ఆరు చీటీలు దొరికితే గొప్ప. మూడో వారానికి ఆయన చెయ్యి నాకు అలవాటైంది. తొందరలో ఉంటే సున్నాలు మూసేవాడు కాదు. చలికాలం కాలువలో నీళ్ళు తీసేసి కట్టేస్తారు, అప్పుడు పద్దులు పల్చబడతాయి. మా కాలువ ఎండాకాలం కట్టేస్తారు. కాలువ కట్టేసిన నెలల్లో కొట్టు ఎంత బోసిగా ఉంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. మంచు పడటం మొదలైంది. జీతమున్న ఇరవై గంటలు అయిపోయాక కూడా కూర్చునేదాన్ని. ఆవిడ చూసీ చూడనట్టు తాళం కాసేపు ఆలస్యంగా వేసేది.

నవంబర్ మూడో వారానికి అయిపోయింది. ఒక్క చీటీకి తప్ప అన్నిటికీ పద్దులు దొరికాయి. వరసగా పేర్చి, ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ మధ్యలోంచి ఒక చీటీ తీసి, వెనక్కి తిప్పి, దీపం కింద పట్టుకుంది. "చూడు" అంది. వెనక వైపున ఎప్పుడో చెమ్మ తగిలి, కింది చీటీ సిరా అద్దుకున్న మరకలు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. నేను దాని కింద పెట్టిన చీటీ చూస్తే, ఆ అక్షరాలు అందులో లేవు. ఇంకోటి చూసింది. అదీ అంతే. అలా ఏడు చూసింది. ఏడూ తప్పే.

"చిట్టాతో కలిసింది కదా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"కలిసింది. తీగతో కలవలేదు" అంది ఆవిడ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. దిగులే ఉంది.

ఆ రాత్రి భోంచెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే కాలింగ్ కార్డు గీకి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, కొట్టులో ఉంది. ఎవరికో పంచదార తూస్తూనే మాట్లాడింది.

"ఏమ్మా, గొంతేంటి అలా ఉంది? తిన్నావా?"

"తిన్నాలే. అమ్మా, చీటీలు చూసి చిట్టా ఎలా రాస్తావు?"

"ఎలా రాత్తానేంటే, పెన్నుతో."

"అది కాదమ్మా. తీగలోంచి తీసేసి రాస్తావా?"

"తీత్తే చెదిరిపోవూ? శనారం దాకా తీగ మీదే ఉంటాయి కదా. పైనుంచి ఒక్కోటీ ఎత్తి చూసుకుంటా రాసుకుపోతాను. నిన్నటివి తగిలితే ఆపేత్తాను."

"పైనుంచి అంటే... చివర వచ్చింది ముందు రాస్తావా?"

"మరి పైనుండేది అదే కదమ్మా" అంది, నా చదువు మీద అనుమానం వచ్చినట్టు.

ఫోన్ పెట్టేసి వేళ్ళ మీద లెక్క వేశాను. పొద్దున వచ్చిన గిరాకీ చీటీ తీగకు అడుగున, చివరి గిరాకీ చీటీ పైన. సాయంత్రం పైనుంచి రాసుకుపోతే, చిట్టాలో ఏ రోజుకారోజు వరస తలకిందులు. ఏళ్ళ తరబడి నేను చూసిన పనే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కంటికి ఆనలేదు.

లైబ్రరీ తలుపు తీసేసరికి ముందు నిలబడి ఉన్నాను. రోజులు అలాగే ఉంచి, ప్రతి రోజు లోపలి చీటీలను తలకిందులు చేశాను. ఆవిడ తప్పని చూపించిన ఏడు చీటీలూ తిప్పి చూశాను. ఒక్కోదాని వెనక ఉన్న మరక, కింద ఉన్న చీటీ అక్షరాలతో గీతకు గీత కలిసింది. ఏడూ కలిశాయి. ఆవిడను పిలిచాను. ఆవిడ ఇంకో ఇరవై తనే ఎంచుకుని చూసింది. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మకు థాంక్స్ చెప్పు" అంది. అప్పుడు ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అన్నీ సరిచూడటానికి ఇంకో రెండు వారాలు పట్టింది. మిగిలింది ఆ ఒక్క చీటీ. సంతకం లేదు. ఎంత వెతికినా చిట్టాలో దానికి పద్దు లేదు. "చీటీ తెచ్చిన అమ్మాయికి రెండు గజాల తెల్ల బట్ట, చిన్న మేకులు, అర పౌండు టీ, చక్కెర ఇవ్వగలరు. లాకు దగ్గరి నుంచి." అంతే. లాకులు ఒకటి కాదు, ఆ ఊరి చుట్టూ అయిదున్నాయి.

"ఏదో ఒక దినంల పెట్టేసెయ్యరాదు" అంది మా రూమ్మేట్. "నాలుగు వందల ముప్పై కరెక్టున్నయి. గదొక్కటి ఆమెకు కనబడ్తదా?"

నాకూ అనిపించింది. సంతకానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. చీటీ చేతిలో పట్టుకుని ఎక్కడ దూర్చాలా అని చూస్తున్నాను. అప్పుడు కనబడింది, దానికి చిల్లు లేదు. మిగతా నాలుగు వందల ముప్ఫై చీటీలకీ నడుమ తుప్పు చిల్లు ఉంది. దీన్ని అసలు గుచ్చనే లేదు.

మళ్ళీ అమ్మకు ఫోన్ చేసి అది చదివి వినిపించాను.

"తెల్ల బట్ట ఎంతన్నావు?"

"రెండు గజాలు."

"రెండేనా?"

"రెండే."

అవతల తక్కెడ చప్పుడు ఆగింది. "పసిబిడ్డమ్మా. మేకులు శవప్పెట్టెకి" అంది అమ్మ. మళ్ళీ తనే, "అలాంటి చీటీ ఎవరైనా గుచ్చుతారటే?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ బైబిల్‌లో ఎప్పుడూ కొన్ని చీటీలు ఉండేవి. చావు జరిగిన ఇంటి నుంచి చీటీ వస్తే డబ్బు అడగకుండా సరుకిచ్చి, చిట్టాలో ఎక్కించకుండా, చీటీని తీగకు గుచ్చకుండా బైబిల్‌లో పెట్టుకునేది. చిన్నప్పుడు ఒక శనివారం వాటిని కూడా కుప్పల్లో కలపబోతే, నా చేతిలోంచి లాక్కుని, "ఇయి నేనూ దేవుడూ చూసుకుంటాం" అంది. ఈ కాలువ గట్టు కొట్టువాడు బైబిల్‌లో పెట్టలేదు. ఆ రోజు చీటీల మధ్య ఊరికే దోపాడు. నేను కట్ట లాగినప్పుడు జారి కింద పడింది అదే.

ఆవిడ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. "కావచ్చు. కానీ మీ అమ్మ చెప్పిందని రాయలేం. 'తీగకు గుచ్చనిది' అని మాత్రమే రాయగలం" అంది.

"ఎవరో కనుక్కోలేమా?"

ఆవిడ చీటీని బల్ల మీద పెట్టింది. "ఈ ఊరి చర్చిల్లో ఎవరిని ఏ రోజు ఖననం చేశారో రాసిన రిజిస్టర్లు ఆ ఏళ్ళవి మన దగ్గరే ఉన్నాయి" అంది. "ఇది ఏ రెండు చీటీల మధ్య ఉందో తెలిస్తే రోజు తెలిసేది. రోజు తెలిస్తే పేరు దొరికేది."

అవి పక్క గది బీరువాలోనే ఉన్నాయి. తలుపు తీసి ఉంది. నేను నిలబడ్డ చోటికి కనబడుతున్నాయి. చీటీ జారి పడటం నాకు బాగా గుర్తు. వంగి తియ్యడం గుర్తు. కట్టలో ఎక్కణ్ణుంచి జారిందో, పైనుంచా, నడుమ నుంచా, ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. చిట్టాలో లేదు, చిల్లు లేదు, మరక లేదు. పట్టుదలతో తిరిగి రాబట్టడానికి అందులో ఏమీ మిగల్లేదు.

పెట్టె జాబితాకు నోట్ రాయడం నా చివరి పని. ఆవిడ సూచించిన వాక్యం, "అమరికలో ఒక చీటీ చోటు పోయింది" అని. నేను మార్చాను. "తీగ వరసను విద్యార్థి సహాయకురాలు చెదరగొట్టింది. నాలుగు వందల ముప్ఫై చీటీలను చిట్టా ఆధారంగా తిరిగి వరసలో పెట్టింది. తీగకు గుచ్చని ఒక చీటీ అసలు చోటు ఆమె వల్ల పోయింది."

"ఇంత రాయక్కర్లేదు. ఇది ఎప్పటికీ ఉండిపోతుంది" అంది ఆవిడ.

"ఉండాలనే" అన్నాను.

ఆవిడ నోట్ మీద సంతకం పెట్టింది. ఆ చేత్తోనే సొరుగులోంచి నా అసిస్టెంట్‌షిప్ ఫారం తీసి దాని మీదా పెట్టింది. ఫారం అప్పటికే నింపి ఉంది. సిరా ఆరిపోయి చాలా రోజులైనట్టుంది. ఎప్పుడు నింపారని అడగలేదు.

చదువు అయింది. ఉద్యోగం వచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు జెర్సీ సిటీలో ఉండి మన్‌హాటన్‌లో పని చేశాను. ఆ జాబితా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంది. అప్పుడప్పుడు ట్రైన్‌లో ఫోన్ తీసి ఆరో పెట్టె దాకా వెళ్ళి చూస్తాను. నోట్ అలాగే ఉంది.

ఆ బిడ్డ ఎవరో ఈ రోజుకీ తెలియదు. తెలిసే దారి ఒక్కటే ఉండేది, కట్టలో ఆ చీటీ ఉన్న చోటు. నేను ఆ చీటీని సంతకం లేని చీటీల కుప్పలో పెట్టి, ఫోల్డర్ మీద అందమైన దస్తూరీలో 'పేరు లేనివి' అని రాశాను.